డ్రమ్స్ ఆగిన చోట వీణ

రేడియోలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, "మేడం, మీ సర్వీసులో మర్చిపోలేని రోజు ఒకటి చెప్పండి" అని అడుగుతారు. తుపాను కబుర్లు చెబుతానని వాళ్ళ ఆశ. కరెంటు పోయి, రోడ్లు తెగి, సముద్రం వైపు ఊళ్ళకి రేడియో ఒక్కటే దిక్కైన రోజులు మా స్టేషన్‌కీ ఉన్నాయి. వాటిని నాకన్నా బాగా చెప్పగలిగినవాళ్ళు ఉన్నారు. నాకు మాత్రం ఆ ప్రశ్న వినగానే ఒక విదేశీ డ్రమ్మరు గుర్తొస్తాడు. ఆయన్ని నేను చూడలేదు. ఆయన పేరు నాకు ఇప్పటికీ సరిగ్గా నోరు తిరగదు. అందుకని ఆయన పేరూ వద్దు, ఇంకెవరి పేరూ వద్దు. మా స్టేషన్‌లో పనిచేసినవాళ్ళు చదివితే ఎవరెవరో వాళ్ళకే తెలుస్తుంది.

ముందు నా సంగతి రెండు ముక్కలు. నేను బడికి వెళ్ళి చదువుకున్నదాన్ని కాదు. చిన్నప్పుడు ఉబ్బసం, దుమ్ము పడేది కాదు. మంగళగిరిలో మా నాన్నగారే ఇంట్లో కూర్చోబెట్టి అక్షరాలు, లెక్కలు, సంగీతం చెప్పారు. మగ్గాల చప్పుడు వినబడే వీధి మాది. ఆ చప్పుడుకే చెయ్యి వేసి తాళం నేర్చుకున్నాను. తర్వాత ప్రైవేటుగా పరీక్షలు రాసి, అమ్మవారి దయవల్ల విజయవాడలో రేడియో ఉద్యోగం తెచ్చుకున్నాను. డ్యూటీ ఆఫీసరు అంటారు. పేరు గొప్పదే. పని ఏమిటంటే, ఏ కార్యక్రమం ఏ నిమిషానికి వెళ్ళాలో ఆ నిమిషానికి వెళ్ళిందా లేదా అని కూర్చుని వినడం. అంతా సవ్యంగా జరిగితే మనం ఉన్నట్టే ఎవరికీ తెలియదు. ఏదైనా తేడా వస్తే ముందు మనకే పిలుపు.

నా చివరి ఏళ్ళు అలసటగా గడిచాయి. రిటైరైనవాళ్ళ కుర్చీలు ఖాళీగానే ఉండిపోయేవి. మిగిలినవాళ్ళం ఒకరి పని మీద ఇంకొకరి పని వేసుకుని మోసేవాళ్ళం. తెల్లవారకముందే ఆటో ఎక్కడం, భక్తి సంగీతం వెళ్ళేలా చూడడం, వార్తలు, వ్యవసాయం, ధరవరలు, మళ్ళీ వార్తలు. ఇంటికెళ్ళాక పక్కింట్లో టీవీ మోగినా కోపం వచ్చేది. కాళ్ళలాగే చెవులు కూడా నొప్పి పుడతాయని అప్పుడే తెలిసింది. పూజలో కూర్చున్నప్పుడు గంట కొట్టడం మానేశాను. అమ్మవారు అర్థం చేసుకుంటుందిలే అనుకున్నాను. చేసుకునే ఉంటుంది.

ఇక్కడ మా పద్ధతి ఒకటి చెప్పాలి. రేడియోలో నిశ్శబ్దం ఉండకూడదు. శబ్దం ఆగితే వినేవాళ్ళు స్టేషన్ పోయిందనుకుని వేరేది పెట్టుకుంటారు. అందుకని ఆగిన వెంటనే ఫిల్లర్ వెయ్యాలి. ఫిల్లర్ అంటే ఖాళీ నింపడానికి ఎప్పుడూ చేతికందేలా ఉంచుకునే వాద్య సంగీతం. మా దగ్గర అది ఒక వీణ ముక్క. ఎప్పుడో మా స్టేషన్‌లోనే ఒక పెద్దావిడ వాయించారు. టేపు తెగినా, కంప్యూటరు మొరాయించినా, వార్తలు చదివేవారికి దగ్గు తెర వచ్చినా ఆ పెద్దావిడే వచ్చి మా పరువు కాపాడేవారు. కొత్తగా చేరినవాళ్ళకి మొదటిరోజు నేను చెప్పే మాట ఒకటే. "శబ్దం ఆగిందా, ఆలోచించొద్దు. చెయ్యి ముందు వెళ్ళాలి, బుర్ర తర్వాత."

ఆదివారం మధ్యాహ్నం మాకు పాశ్చాత్య సంగీతం అరగంట ఉండేది. దాన్ని నడిపేది ఒక క్యాజువల్ అనౌన్సరు. అంటే పర్మనెంటు కాదు, పిలిస్తే వస్తారు, పిలవకపోతే లేదు. మేమంతా భాయ్ గారూ అనేవాళ్ళం. గవర్నర్‌పేటలో వాళ్ళ నాన్నగారికి బ్యాండు మేళాల డ్రమ్ములు అమ్మే, బాగుచేసే దుకాణం ఉండేది. నాన్నగారు పోయాక తమ్ముడు చూసుకుంటున్నాడు. పెళ్ళిళ్ళ సీజన్ అయ్యేసరికి చుట్టుపక్కల ఊళ్ళలో చిరిగిన డ్రమ్ములన్నీ ఆ దుకాణం ముందుకే చేరేవట. భాయ్ గారు వాటి మధ్య పెరిగారు. దుకాణంలో కూర్చోమంటే కూర్చోక, ఎక్కడెక్కడి రికార్డులో సంపాదించి వింటూ, చివరికి మా దగ్గర తేలారు. వయసు మళ్ళాక మిగతా అనౌన్స్‌మెంట్లన్నీ కొత్త గొంతులకి వెళ్ళిపోయాయి. ఆయనకి మిగిలింది ఆ అరగంటే.

ఒకరోజు నా గదికి వచ్చి నిలబడ్డారు.

"అక్కయ్యగారూ, నాలుగు ఆదివారాలు ఇప్పించండి. ఒకే మనిషి మీద చేస్తాను, వారానికో ఆల్బమ్."

"ఎవరండీ ఆ మనిషి?"

"ఒక డ్రమ్మరు."

"నాలుగు వారాలూ డ్రమ్ములేనా! శ్రోతలు మన మీదకి గొడవకి వస్తారు భాయ్ గారూ."

"రానివ్వండి, కూర్చోబెట్టి టీ ఇద్దాం. శ్రోతలున్నారని తెలుస్తుంది కదా."

ఆ డ్రమ్మరు సంగతి ఆయన చెబితేనే నాకు తెలిసింది. వయసులో ఉండగా ప్రోగ్రెసివ్ రాక్ అనే రకం బృందాల్లో వాయించాడట. జుట్టు పెంచుకుని, ఒక్కో పాటా అరగంటసేపు మెలికలు తిప్పి, పెద్ద పెద్ద మైదానాల్లో జనం ముందు. మంచి ఊపులో ఉండగా అదంతా వదిలేసి, జాజ్ వాళ్ళని కొందరిని కూడగట్టుకుని చిన్న హాళ్ళలో వాయించడం మొదలుపెట్టాడట. జాజ్‌నీ రాక్‌నీ ఇలా కలిపి వాయిస్తే ఫ్యూజన్ అంటారని చెప్పారు.

"ఆయన రాక్ పాటలు ఇంటర్ పిల్లలకి కూడా తెలుసు. వదిలేసి వచ్చాక చేసిన ఈ ఆల్బమ్‌లు ఎవరూ పట్టించుకోరు. ఎందుకు వదిలాడో వీటిల్లో ఉందండీ" అన్నారు భాయ్ గారు.

డైరెక్టరు గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన మంచివారే. పైనుంచి ఆదాయం, ఆదాయం అని రోజూ ఒత్తిడి. కళ్ళ కింద నల్లగా ఉండేది పాపం.

"మేడం, ఆ అరగంట మాకివ్వండని చేపల మేత కంపెనీ వాళ్ళు అడుగుతున్నారు. డెల్టా అంతా చెరువులే కదా, వాళ్ళకి శ్రోతలు కావాలి, మనకి స్పాన్సరు కావాలి. భాయ్ గారి ప్రోగ్రామ్‌కి ఒక్క ఫోనైనా వస్తోందా?"

రావడం లేదని ఒప్పుకున్నాను.

"సరే, ఆయన అడిగింది చెయ్యనివ్వండి. ముందు మీరు అన్నీ విని, వెయ్యదగ్గవో కాదో చెప్పండి. నాలుగోది నేను ఇంట్లో కూర్చుని వింటాను. బాగుంటే ఆ ప్రోగ్రామ్ ఉంచుదాం. లేకపోతే మీరే భాయ్ గారికి చెప్పేయండి, నాకు మొహమాటం."

నాకు మొహమాటం లేదా అని అడగాలనిపించింది. ఆ అరగంట పోతే భాయ్ గారికి మా గేటు దాటి లోపలికి రావలసిన పనే ఉండదు. ఆ మాట ఆయనకి చెప్పే రోజు రాకూడదని ఇంటికి వెళ్ళేదారిలో అమ్మవారి కొండ వైపు తిరిగి దణ్ణం పెట్టుకున్నాను.

ఉదయం డ్యూటీ దిగాక, రికార్డింగులు కాపీ చేసుకునే డబ్బింగ్ గదిలో ఏసీ చల్లగా ఉండేది. చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని మొదటి ఆల్బమ్ పెట్టుకున్నాను. గిటారు, కీబోర్డు, డ్రమ్ములు, అందరూ రైలు అందుకోవాలన్నట్టు పరుగు. పాడేవాళ్ళు ఎవరూ లేరు. పాట లేకుండా ఈ పరుగెందుకో అనుకుంటూ కళ్ళు మూసుకున్నదాన్ని, భాయ్ గారు తలుపు తీసుకుని వచ్చాకే లేచాను.

"ఎలా ఉందండీ?"

"నిద్ర పట్టేసిందండీ."

ఆయన నొచ్చుకోలేదు. "డ్రమ్ములు వింటూ నిద్రపోయిన మనిషిని మా అమ్మ తర్వాత మిమ్మల్నే చూశాను. దుకాణం వెనక గదిలో ఆవిడ హాయిగా పడుకునేది. చప్పుడు ఆగితే లేచేది" అన్నారు.

మర్నాడు మెలకువగానే విన్నాను. ఈసారి కోపం వచ్చింది. నాకు తెలియకుండానే తొడ మీద చెయ్యి తాళం వేస్తోంది. ఆవర్తం పూర్తయి దెబ్బ పడాల్సిన చోట పడదు. ఒకసారి ముందే పడుతుంది, ఒకసారి దాటిపోతుంది. మెట్టు ఉందనుకుని కాలు వేస్తే లేనట్టు ఉంటుంది. హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాను.

"ఈయనకి లెక్క తప్పుతోందా, నాకు తప్పుతోందా భాయ్ గారూ?"

"ఎవరికీ తప్పట్లేదు. మీరు లెక్క పెట్టడం మానేసి, పెళ్ళి ఊరేగింపు అనుకుని వినండి."

"ఇదేం పెళ్ళండీ బాబూ!"

"చెబుతా వినండి. పెళ్ళికొడుకు కారు ఏలూరు రోడ్డులో ఇరుక్కుపోతుంది. ఎదురుగా సిటీ బస్సు. ముందున్న బ్యాండు వాళ్ళకి కదలడానికి దారి ఉండదు. ఆగితే డ్యాన్సు చేసే కుర్రాళ్ళు ఊరుకోరు. అప్పుడు మంచి డ్రమ్ము మనిషి ఏం చేస్తాడు? ఉన్నచోటే తిప్పుతాడు. ఒక దెబ్బ మింగుతాడు, ఒకటి ఎక్కువేస్తాడు. జనానికి ఎక్కడికో వెళ్తున్నట్టే ఉంటుంది, కాలు మాత్రం అక్కడే ఉంటుంది. బస్సు తప్పుకుందా, అందరినీ తీసుకుని వెళ్ళిపోతాడు. ఈయన చేసేదీ అదే. బస్సు మాత్రం ఆయనే అడ్డం పెట్టుకుంటాడు."

మళ్ళీ పెట్టుకున్నాను. బస్సు కనబడింది. నవ్వొచ్చింది కూడా. చాలా రోజుల తర్వాత చెవులు నొప్పి లేకుండా విన్నాయి. అందుకు భాయ్ గారికి ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

మధ్యలో ఒక ఆల్బమ్ నాకసలు నచ్చలేదు. కరెంటు డ్రమ్ములట, ప్లాస్టిక్ బిందెల మీద బాదినట్టు ఉంది. అదే అన్నాను.

"నాకూ నచ్చదండీ" అన్నారు.

"మరి ఎందుకు వెయ్యడం?"

"వెతుక్కుంటున్నాడు కదా. దొరికినవే వేసి, వెతికినవి దాచేస్తే ఎట్లా?"

నాలుగోది విన్నరోజు నాకు బాగా ఒళ్ళు నొప్పులు. ఎవరో సెలవు పెడితే ముందురోజు కూడా నేనే డ్యూటీ చేశాను. మొదటి ఆల్బమ్‌లో అంత హడావిడి చేసిన మనిషి ఇందులో ఒద్దికగా కూర్చున్నాడు. పియానో, శాక్సఫోన్ మాట్లాడుకుంటుంటే వెనక ఎక్కడో ఉన్నాననిపిస్తాడు, అంతే. చివర్లో ఒక పొడుగాటి ముక్క ఉంది. అందులో పియానో ఆగుతుంది. శాక్సఫోన్ ఆగుతుంది. డ్రమ్ములు ఒక్కొక్కటే మానేసి, ఇత్తడి తాళం అంచు మీద పుల్లతో గీసినట్టు సన్నగా తీగలాంటి మోత ఒక్కటి మిగులుతుంది. అదీ పోతుంది. ఏమీ ఉండదు. ఉండదంటే ఉండదు. నా చెయ్యి అలవాటు చొప్పున లేచింది, డబ్బింగ్ గదిలో ఫిల్లర్ మీట లేదు కనక గాలిలో ఆగిపోయింది. చాలాసేపటికి, ఇంక అయిపోయిందనుకున్నాక, డ్రమ్ము మీద చిన్న దెబ్బ ఒక్కటి. తలుపు మీద వేలితో తట్టినట్టు. దాంతో అందరూ మళ్ళీ వస్తారు.

మా ఊరి కొండ మీద పానకాలస్వామికి పూజారిగారు శంఖంతో పానకం పోస్తుంటే గుటక వేస్తున్న చప్పుడు వినబడుతుంది. ఆ చప్పుడు ఆగగానే పూజారిగారు కూడా ఆపేస్తారు. స్వామి తనకి చాలినంత తీసుకుని మిగిలింది మనకి వదిలేస్తాడు. చిన్నప్పుడు నాన్నగారి చెయ్యి పట్టుకుని, ఆ చప్పుడు ఆగే క్షణం కోసమే నేను ఊపిరి బిగబట్టేదాన్ని. డబ్బింగ్ గదిలో, ఆ పరదేశి డ్రమ్ముల దగ్గర, నాకు అదే గుర్తొచ్చింది. ఇది తప్పేమోనని కూడా అనిపించలేదు.

"సిరీస్ అంతా దీనికోసమే అక్కయ్యగారూ" అన్నారు భాయ్ గారు. "ఈయన ఆ మైదానాలు ఎందుకు వదిలేశాడో ఇక్కడుంది. అక్కడ ఇలా ఆగనివ్వరు."

వెయ్యదగ్గవేనని డైరెక్టరు గారికి చెప్పాను.

మూడు ఆదివారాలు గడిచాయి. నాలుగో దానికి మేము చాలా జాగ్రత్తపడ్డాం. మధ్యలో నిశ్శబ్దం ఉంటుంది, ఫిల్లర్ వెయ్యొద్దని స్టూడియోలో అందరికీ చెప్పాం. చాలదన్నట్టు ఆ వేళ డ్యూటీ నేనే వేయించుకున్నాను. వీణ మీట మీద ఒక న్యూస్‌పేపరు కప్పాను. అద్దం అవతల భాయ్ గారు ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నారు. రేడియోలో చొక్కా ఎవరికి కనబడుతుందండీ అంటే, డైరెక్టరు గారికి గొంతులో తెలుస్తుంది అన్నారు.

బాగా మాట్లాడారు. ఆ ముక్క మొదలైంది. పియానో ఆగింది, శాక్సఫోన్ ఆగింది, తాళం అంచు మీద తీగ సన్నగిల్లింది, పోయింది. భాయ్ గారు కళ్ళు మూసుకున్నారు. అప్పుడు నా పక్కన, గాలిలో వెళ్తున్నది వినడానికి పెట్టుకునే చిన్న రేడియోలోంచి, చక్కగా, శ్రుతిశుద్ధంగా, మా పెద్దావిడ వీణ వినబడింది.

నా చెయ్యి చూసుకున్నాను. పేపరు కదల్లేదు. స్టూడియోలో ఎవరూ ఏమీ నొక్కలేదు.

ట్రాన్స్‌మిటరు. స్టూడియోలో పుట్టిన శబ్దం ఊరి బయట పొలాల మధ్య ఉన్న ట్రాన్స్‌మిటరుకి వెళ్ళి, అక్కణ్ణుంచి గాల్లోకి వెళ్తుంది. అక్కడ కూడా ఒక ఇంజనీరు గారు కూర్చుని వింటూ ఉంటారు. అక్కడ కూడా ఆ వీణ ఉంటుంది. ఆ సంగతి మాలో ఒక్కరికీ తట్టలేదు. ఫోన్ తీశాను.

"మేడం, మీ దగ్గర్నుంచి సౌండ్ పోయింది. ఫిల్లర్ ఎక్కించేశా, కంగారు పడకండి" అన్నారాయన, నేను నోరు తెరవకముందే.

"పోలేదండీ, అది ఉంది. ఆ ముక్కే అంత."

"ఏది ఉందండీ?"

"నిశ్శబ్దం ఉంది."

"నిశ్శబ్దం ఉండడమేంటి మేడం? ఇక్కడ మీటరు ముల్లు పడిపోయింది."

"మీరు ముందు వీణ తీసేయండి బాబూ!"

తీశారు. అప్పటికి తలుపు తట్టే దెబ్బ వెళ్ళిపోయింది. డెల్టాలో విన్నవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళకి ముందు డ్రమ్ములు, తర్వాత వీణ, తర్వాత హఠాత్తుగా శాక్సఫోన్ వినబడి ఉంటాయి. అద్దం అవతల భాయ్ గారికి ఇవేవీ తెలియవు. ఆయనకి స్టూడియో శబ్దమే వినబడుతుంది. ఆయన విన్నది అసలైన ముక్క. బయటికి వచ్చి, "విన్నారా?" అన్నారు. మొహం వెలిగిపోతోంది.

"విన్నానండీ" అన్నాను. ఆ పూట ఇంకేమీ చెప్పే ఓపిక లేకపోయింది.

సోమవారం మెట్ల దగ్గర డైరెక్టరు గారు ఎదురయ్యారు. నేను క్షమాపణ చెప్పబోయేంతలో ఆయనే నా దారికడ్డంగా నిలబడి, "అద్భుతం మేడం!" అన్నారు. "నేను మా ఆవిడని కూడా పిలిచి వినిపించాను. ఆ డ్రమ్స్ అలా తగ్గి, తగ్గి, మన వీణ రావడం! ఫ్యూజన్ అంటే ఏమిటో నాకు నిన్న తెలిసింది. భాయ్ గారికి చెప్పండి, ప్రోగ్రామ్ ఉంటుంది. ప్రతి వారం ఇలాగే మన వాద్యం ఒకటి కలపమనండి. చేపల మేత వాళ్ళకి ఇంకో టైమ్ చూద్దాం."

తల ఊపి మెట్లెక్కేశాను. మీరైతే ఏం చేసేవాళ్ళో మీరే ఆలోచించుకోండి.

భాయ్ గారిని క్యాంటీన్‌కి తీసుకెళ్ళి, టీ చెప్పి, రెండు సంగతులూ వరసగా చెప్పాను. పడిన వీణా, నిలిచిన ప్రోగ్రామూ. ఆయన ముందు పగలబడి నవ్వారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"మొత్తానికి మీ పెద్దావిడ నా అరగంట కూడా కాపాడిందన్నమాట."

"కాపాడనివ్వండి భాయ్ గారూ. ఆవిడ పనే అది. ఎవరికీ నష్టం లేదు. నేను ఏమీ అనను, ఇంజనీరు గారూ ఏమీ అనరు."

"అంటే వారం వారం డ్రమ్ముల మధ్య వీణ వెయ్యాలి."

"వేస్తే ఏం? వీణ చెడ్డదా?"

"ఛ, వీణ చెడ్డదని ఎవరన్నారు?" టీ సగం తాగి గ్లాసు కింద పెట్టారు. "పెళ్ళిళ్ళ సీజన్‌లో చిరిగిన డ్రమ్ముకి రంగు కాగితం అతికించి ఇమ్మని తొందరపెట్టేవాళ్ళు. ఈ పూటకి గడిస్తే చాలు భాయ్ అనేవాళ్ళు. మా నాన్న ఇచ్చేవాడు కాదు. బేరం పోయేది. మా అమ్మ తిట్టేది." లేచారు. "మీరు రండి అక్కయ్యగారూ, ఒక్కణ్ణే వెళ్తే నాకు మాట రాదు."

డైరెక్టరు గారి గదిలో నేను కుర్చీ అంచున కూర్చున్నాను. భాయ్ గారు కూర్చోలేదు.

"సార్, ఆ వీణ నేను వెయ్యలేదండీ. పొరపాటున పడింది."

"పొరపాటైతే ఏమైందండీ? బాగుంది కదా. ఇకనుంచి కావాలని వెయ్యండి."

"అక్కడ అసలు ఏమీ ఉండదు సార్. ఆయన ఆగుతాడు, అంతే."

"ఆగితే?"

"మనం ఎదురుచూస్తాం."

డైరెక్టరు గారు నా వైపు తిరిగారు. "మీరు చెప్పండి మేడం, ఇన్నేళ్ళ సర్వీసు మీది. రేడియో దగ్గర ఎవరైనా ఎదురుచూస్తారా?"

"నేను చూశానండీ" అన్నాను.

ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. ఆ గదిలో ఫిల్లర్ లేదు. తర్వాత నిట్టూర్చి, "వచ్చే ఆదివారం ఒక్కటీ మీ ఇష్టప్రకారం వేసుకోండి భాయ్ గారూ. ఆ పైవారం నుంచి మేత వాళ్ళది" అన్నారు. ఆయన మీద నాకు అప్పుడూ కోపం రాలేదు, ఇప్పుడూ లేదు. ఆయన కూడా అలిసిపోయిన మనిషే. ఆ ఒక్క ఆదివారం ఇచ్చినందుకు ఆయన్ని తలుచుకుంటూ ఉంటాను.

ఆ తర్వాత సంగతులు ముందే చెప్పేస్తాను. ఆ అరగంటలో చేపల మేత కార్యక్రమం వచ్చింది, బాగానే నడిచింది. రైతులు ఫోన్లు కూడా చేసేవారు. భాయ్ గారు తమ్ముడి దుకాణంలో కూర్చుంటున్నారు. డ్రమ్ము కొనడానికి వచ్చిన బ్యాండు వాళ్ళకి ఆ డ్రమ్మరుని వినిపిస్తే, "ఈయన్ని పెళ్ళికి పెట్టుకుంటే ముహూర్తం దాటిపోద్ది భాయ్" అంటారట. నేను రిటైరయ్యాను. పూజలో గంట మళ్ళీ కొడుతున్నాను. ఇప్పుడన్నీ ఫోన్‌లోనే ఉన్నాయని, నాలుగో ఆల్బమ్ సీడీ ఆయన నాకే ఇచ్చేశారు.

ఇక ఆ చివరి ఆదివారం. స్టూడియోలో డ్యూటీ ఇంకొకరికి అప్పగించి, నేను హనుమాన్ జంక్షన్ వెళ్ళే బస్సెక్కి మధ్యలో దిగి, ఎండలో నడిచి ట్రాన్స్‌మిటరుకి వెళ్ళాను. ఫోన్‌లో చెబితే సరిపోదా అని మీరడగొచ్చు. చెప్పాను కూడా. ఇంజనీరు గారు "అట్లాగే మేడం" అన్నారు. ఆయన మాట మీద నాకు అనుమానం లేదు, ఆయన చేతి మీదే అనుమానం. నా చెయ్యి ఎలాంటిదో నాకు తెలుసు కనక.

ఇంజనీరు గారు సన్నగా, పొట్టిగా, బల్ల మీద స్టీలు క్యారేజీతో కూర్చుని ఉన్నారు. అన్నేళ్ళుగా ఫోన్‌లో మాట్లాడుకుంటున్నా ఒకరినొకరు చూడడం అదే మొదలు.

"మీరేనా మేడం? గొంతుని బట్టి పొడుగ్గా ఉంటారనుకున్నాను."

"నేనూ మిమ్మల్ని అలాగే అనుకున్నానండీ."

కుర్చీ తుడిచి వేశారు. మంచినీళ్ళిచ్చారు. కిటికీ బయట వరి కోసేసిన పొలాలు, కాలవ గట్టు మీద కొంగలు. ట్రాన్స్‌మిటరు పక్క గదిలో ఒక్క తీరున గుయ్యిమంటోంది. భాయ్ గారి గొంతు వచ్చింది. వీడ్కోలు మాట ఒక్కటీ లేదు. "పోయినవారం విన్న ముక్కే మళ్ళీ వినండి" అన్నారంతే.

పియానో ఆగింది. శాక్సఫోన్ ఆగింది. తీగ సన్నబడుతుంటే ఇంజనీరు గారి చూపు ముల్లు మీదే ఉంది. ముల్లు దిగింది, ఇంకా దిగింది, అడుగున పడి ఊరుకుంది. ఆయన కుడిచెయ్యి బల్ల మీద నుంచి లేచింది. ఆయనే నన్ను చూసి, సిగ్గుపడి, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చున్నారు. నేను నా చేతులు కొంగులో చుట్టుకున్నాను. ఫ్యాను తిరుగుతోంది. బయట ఎవరో గేదెని అదిలిస్తున్నారు. డెల్టా అంతటా మా స్టేషన్ పెట్టుకున్న ప్రతి ఇంట్లో ఆ క్షణాన ఏమీ లేదు. నా సర్వీసంతా ఏది రాకుండా కాపలా కాశానో అదే గాలిలో ఉంది, మేమిద్దరం దాన్ని చూస్తూ కూర్చున్నాం.

"వస్తాడంటారా మేడం?" అన్నారు గొంతు తగ్గించి.

"వస్తాడండీ."

"ఎంతసేపు?"

ముల్లు కదల్లేదు. ఆయన ఒకసారి తలుపు వైపు చూశారు, మళ్ళీ ముల్లు వైపు చూశారు. అప్పుడు చిన్న దెబ్బ, ఒక్కటే. ముల్లు ఉలిక్కిపడి లేచింది.

ఇంజనీరు గారు తొడల కింద నుంచి చేతులు లాక్కుని లేచి నిలబడ్డారు.

"వచ్చాడండీ మేడం, వచ్చేశాడు" అన్నారు, ఆఖరి బస్సులో కూడా రాలేదనుకున్న మనిషి గుమ్మంలో కనబడినట్టు.